చంటిబిడ్డ ఏడుపు ఆపనప్పుడు: మన ఊళ్లో ఎవరి సాయం, ఎప్పుడు, ఎలా అడగాలి

దీపాలు పెట్టే వేళకు మొదలయ్యేది మా చిన్నోడి ఏడుపు. ఆరున్నరకు సన్నగా ముక్కుతూ మొదలుపెట్టి, ఏడింటికల్లా వాడకట్టు మొత్తం వినిపించేలా అందుకునేవాడు. కాళ్లు కడుపులోకి ముడుచుకుని, పిడికిళ్లు బిగించి, ముఖం కందిపోయేదాకా ఏడ్చేవాడు. రొమ్ము అందిస్తే రెండు గుక్కలు తాగి వదిలేసేవాడు. పక్కింటి అవ్వ గోడ మీంచి తొంగిచూసి, "పాలు చాలతలేవేమో చూడు బిడ్డా" అనేది. మా అమ్మ దిష్టి అనేది. ఎదురింటి వదిన ఏదో చుక్కల మందు పేరు చెప్పేది. అందరూ నా మంచికే చెప్పారు. "వాణ్ణి నాకియ్యి, నువ్వు పోయి గంటసేపు పండుకో" అన్న మనిషి మాత్రం ఆ నెలలో ఒక్కరూ దొరకలేదు.

అలాంటి మనుషుల్ని ఎలా సంపాదించుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అమెరికాలో షికాగోలోని ఎరిక్సన్ ఇన్‌స్టిట్యూట్ ఊరుకోని పిల్లల తల్లిదండ్రుల కోసమే 2003లో ఒక సేవ మొదలుపెట్టింది. ఫోన్ చేస్తే మాట్లాడతారు, అవసరమైతే ఇంటికీ వస్తారు. నల్లగొండలోనో పాలమూరు (మహబూబ్‌నగర్)లోనో అలాంటి బోర్డు ఎక్కడా కనపడదు. అయితే సాయం లేదని కాదు, ముక్కలు ముక్కలుగా ఉంది. ఆశక్క దగ్గర కొంత, అంగన్‌వాడీలో కొంత, పీహెచ్‌సీలో కొంత, ఫోన్‌లో కొంత, సంఘం ఆడవాళ్ల దగ్గర కొంత. వాటిని మనమే కలిపి కుట్టుకోవాలి.

ముందు ఇది ఏ వయసు ఏడుపో చూడండి

చంటిబిడ్డ ఏడుపుకు ఒక లెక్క ఉంది. రెండో వారం దాటాక పెరుగుతుంది, ఆరో వారం చుట్టుపక్కల బాగా ముదురుతుంది, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. బ్రేజల్టన్ అనే పిల్లల డాక్టరు 1962లో ప్రచురించిన పరిశీలనలో ఏ జబ్బూ లేని ఆరు వారాల పిల్లలే రోజుకు సుమారు రెండు ముప్పావు గంటలు ఏడ్చారు. అందులో ఎక్కువ భాగం సాయంత్రం పూటే. అంతకుముందు 1954లో వెసెల్ అనే డాక్టరు ఒక కొలత పెట్టాడు: రోజుకు 3 గంటలకు పైగా, వారంలో 3 రోజులకు పైగా, 3 వారాలకు మించి ఏడిస్తే దాన్ని కోలిక్ అన్నారు. ఇది ఆడపిల్లల్లో, మగపిల్లల్లో, తల్లిపాలు తాగేవాళ్లలో, డబ్బాపాలు తాగేవాళ్లలో అందరిలోనూ ఉంటుంది. కారణం డాక్టర్లకూ పూర్తిగా తేలలేదు. కాబట్టి అది మీ పాల తప్పో, మీరు తిన్న పప్పు తప్పో అని ఎవరైనా గట్టిగా చెబితే అంత గట్టిగా నమ్మకండి. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డకైతే ఆరు వారాలను కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్కేసుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఐదు జబ్బులను ఆపే పెంటావాలెంట్ మొదటి టీకా పడేది కూడా సరిగ్గా ఆరో వారంలోనే. టీకా వేయించిన రాత్రి కాస్త జ్వరం, చిరాకు ఉండటం మామూలే, ఒకట్రెండు రోజుల్లో పోతాయి. ఏడుపు మాత్రం ఇంకో నెలా రెండు నెలలు సాగుతుంది. దాంతో ఇంట్లో పెద్దవాళ్లు "సూది ఏసినప్పటి సంది ఇట్లైండు" అని తేల్చేసి, పదో వారం టీకాకు పోనివ్వరు. మా ఊళ్లో ఇలా రెండో టీకా తప్పిన పిల్లలు నాకు తెలుసు. రెండూ ఒకే వయసులో వచ్చి పడ్డాయి, అంతే.

రెండోది: ఒళ్లంతా ఒకసారి వెతకండి

ఎవరి సాయమైనా అడిగే ముందు, బిడ్డను బట్టలన్నీ విప్పి వెలుతురులో పడుకోబెట్టి తల నుంచి కాలి వేళ్ల దాకా చూడండి. మాడు మెత్తగా, చదునుగా ఉందా, ఉబ్బి బిగుసుకుందా? చెవి ముట్టుకుంటే ఏడుపు పెరుగుతోందా? గజ్జల్లో వాపు, గడ్డ ఉందా? కాలి వేళ్లకు, చేతి వేళ్లకు, మగపిల్లవాడైతే చుల్లికి వెంట్రుకగానీ దారంగానీ చుట్టుకుందేమో చూడండి. బాలింతలకు జుట్టు బాగా ఊడుతుంది కదా, ఒక్క వెంట్రుక సాక్సులో చిక్కి వేలికి బిగిస్తే బిడ్డకు నరకమే.

మావాడికి ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసినప్పుడు నల్ల మొలతాడు కట్టారు. ఐదో వారంలో ఒక రాత్రి బనియన్ విప్పి చూస్తే తాడు కింద చర్మం ఎర్రగా గాటు పడింది. పిల్లవాడు పెరిగాడు, తాడు పెరగలేదు. కత్తెర తీస్తే మా అమ్మ చెయ్యి పట్టుకుంది. రేపు పొద్దున కొత్తది వదులుగా కడదామంటే వదిలింది. ఉన్నమాట చెప్పాలంటే, తాడు తీశాక కూడా వాడి ఏడుపు తగ్గలేదు. కానీ ఆ రోజు నుంచి తాడు కింద నా రెండు వేళ్లు దూరకపోతే ఊరుకోను. చేతి కంకణాలకు, కాలి కడియాలకు కూడా అదే లెక్క.

మా వైపు ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అయినా బాలింత గదిలో కిటికీలు మూసి, బిడ్డకు టోపీ, సాక్సులు, పైన రెండు బట్టలు చుడతారు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమటతో జిగురుగా ఉంటే బట్టలు తగ్గించండి. ఆరు నెలల లోపు బిడ్డకు ఎంత ఎండలోనైనా నీళ్లు పట్టక్కర్లేదు, పాలే ఎక్కువసార్లు ఇవ్వాలి.

కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇక ఊరడించే పని కాదు, ఆస్పత్రికి పోవాల్సిన పని:

- మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు, అంతకు మించిన జ్వరం
- పాలు పట్టకపోవడం, లేపినా లేవనంత మగత, ఒళ్లు వేలాడేయడం, ఫిట్స్
- ఆకుపచ్చ వాంతి, దొడ్డికి నెత్తురు పడటం, కడుపు ఉబ్బి గట్టిపడటం
- రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకన్నా ఎక్కువ ఊపిరి పీల్చడం (నిమిషం మొత్తం లెక్కపెట్టండి), పక్కటెముకల కింద గుంటలు పడటం
- ఎప్పుడూ లేని కీచు గొంతుతో, లేదా పిల్లికూనలా నీరసంగా ఏడవడం
- రోజుకు ఆరుసార్లకన్నా తక్కువ మూత్రం

అర్ధరాత్రి అయినా 108కి ఫోన్ చేయండి. 28 రోజుల లోపు బిడ్డల కోసం నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక వార్డులున్నాయి. ఏడాది లోపు బిడ్డకు జబ్బు చేస్తే సర్కారు దవాఖానలో మందులు, పరీక్షలు, రానుపోను బండి అన్నీ ఉచితం. ఇది జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద వచ్చే హక్కు. ఎవరైనా డబ్బులడిగితే ఆ పేరు చెప్పండి.

మూడోది: మూడు రోజుల కాపీ

"ఎప్పుడూ ఏడుస్తనే ఉంటడు" అంటే డాక్టరమ్మకు ఏమీ అర్థం కాదు. నేను పెద్దోడి పాత లెక్కల కాపీ వెనక పేజీలో గీతలు కొట్టి రాశాను. ఒక పేజీ ఇలా ఉంది:

"సోమ. 6:40 మొదలు. 7:10 పాలు, తాగలే. 7:30 అమ్మ ఎత్తుకుంది, పది నిమిషాలు ఊరుకున్నడు. కరెంటు పోయింది. 8:50 దొడ్డికి. 9:15 పండుకున్నడు. పొద్దటి నుంచి మూత్రం 8."

మూడు రోజులు రాస్తే చాలు. రెండు సంగతులు బయటపడతాయి. ఒకటి, ఎన్ని గంటలు ఏడ్చాడన్నది. నాకు ఆరు గంటలనిపించింది, కాపీలో రెండున్నర తేలింది. నమ్మలేకపోయాను గానీ కాస్త ధైర్యం వచ్చింది. రెండు, ఏ టైముకు మీకు ఇంకో మనిషి కావాలన్నది. సాయం అడిగేటప్పుడు "కొంచెం చూడండి" అంటే ఎవరూ రారు. "ఏడు నుంచి ఎనిమిదింటి దాకా ఎత్తుకో" అంటే వస్తారు.

బరువు కూడా ఆ పేజీలోనే రాయండి. అంగన్‌వాడీలో నెలనెలా తూచి తల్లీబిడ్డ కార్డులో గుర్తు పెట్టించుకోండి. మొదటి మూడు నెలల్లో రోజుకు సుమారు 25 నుంచి 30 గ్రాములు పెరుగుతుంటే, మూత్రం సరిగా పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. గోడ మీంచి అడిగే అవ్వకు ఈ అంకెకు మించిన జవాబు లేదు.

నాలుగోది: ఆశక్క రాకకు ముందే తయారుగా ఉండండి

ఈ మొత్తంలో నేను అందరికన్నా గట్టిగా చెప్పేది ఇదే. ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డ ఇంటికి ఆశ కార్యకర్త ఆరుసార్లు రావాలి: 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా. ఆ తర్వాత మూడో నెలలో, ఆపైన 6, 9, 12, 15 నెలలకు. ఇప్పుడు ఈ తేదీలను ఏడుపు లెక్క పక్కన పెట్టి చూడండి. 42వ రోజంటే ఆరో వారం, అంటే ఏడుపు బాగా ముదిరిన రోజు. సరిగ్గా అక్కడే ఆశక్క రావడం ఆగి, మళ్లీ మూడో నెల దాకా లెక్క ప్రకారం ఇంటికి ఎవరూ రారు. ఏడుపు భరించలేని నెలన్నర అంతా ఆ సందులోనే పడుతుంది.

అందుకే 42వ రోజు రాకను ఊరికే పోనివ్వకండి. ఆమె వచ్చి బిడ్డను తూచి, జ్వరం చూసి, కార్డు నింపి లేవబోతుంది. అప్పుడు కాపీ తీసి చూపించండి. మూడు మాటలు అడగండి:

"అక్కా, పాలు తాగేటప్పుడు ఒకసారి కూర్చొని చూడు, పట్టు సరిగా ఉన్నదా?" బిడ్డ చనుమొన ఒక్కటే పట్టుకుని గాలి మింగితే ఏడుపు పెరుగుతుంది. నల్లటి భాగం చాలావరకు నోట్లోకి పోవాలి. చూస్తే ఆమెకు తెలిసిపోతుంది.

"మళ్లా మూడో నెల దాకా రావు కదా, వారానికోసారి ఇటువైపు పోయేటప్పుడు ఒక్కసారి తొంగిచూస్తవా?" ఆమె పని భారం నాకు తెలుసు. అయినా అడిగితే కాదనే ఆశక్క తక్కువ.

"మా అత్తమ్మకు కూడా ఒక మాట చెప్పిపో." కోడలు చెబితే చెవికెక్కని మాట ఆశక్క చెబితే ఎక్కుతుంది. దీన్ని వాడుకోవడంలో తప్పేమీ లేదు.

ఇంకొక చిక్కు, మన దగ్గర చాలామందికి ఎదురయ్యేదే. కాన్పు పుట్టింట్లో, కాపురం అత్తింట్లో. నా పుట్టిల్లు కల్వకుర్తి వైపు, అత్తిల్లు దేవరకొండ వైపు. బిడ్డ పేరు అక్కడి ఆశక్క రిజిస్టరులో ఉంది. మూడో నెలలో ఇటు వచ్చేసరికి అక్కడ "వెళ్లిపోయారు" అని రాశారు, ఇక్కడ నా పేరే లేదు. రెండు జిల్లాల మధ్య నేను జారిపోయాను. బయల్దేరే ముందే అక్కడి ఆశక్కతో ఇక్కడి ఆశక్కకు ఫోన్ చేయించండి. వచ్చిన వారంలోనే కార్డు పట్టుకుని ఇక్కడి అంగన్‌వాడీలో, ఏఎన్ఎం దగ్గర పేరు రాయించండి. బుధవారం, శనివారం టీకాల రోజులు కాబట్టి ఏఎన్ఎం ఆ రోజుల్లో తప్పకుండా దొరుకుతుంది.

ఐదోది: ఇంట్లో వంతులు

మా ఆయన హైదరాబాద్‌లో ఆటో నడుపుతాడు, శనివారం రాత్రి వస్తాడు. పాలమూరు వైపు చాలా ఇళ్లలో మగవాళ్లు ఇంకా దూరం, ముంబైలోనో పుణెలోనో ఉంటారు. కాబట్టి "భర్త సాయం చేయాలి" అని రాసి చేతులు దులుపుకుంటే లాభం లేదు.

మేం చేసింది ఇది. ఏడు నుంచి ఎనిమిదింటి దాకా అత్తమ్మ ఎత్తుకుంటుంది, నేను తలుపేసుకుని పడుకుంటాను. ఎనిమిది నుంచి మా ఆడబిడ్డ, డిగ్రీ చదివే పిల్ల, వాకిట్లో తిప్పుతుంది. తొమ్మిది నుంచి నేను. ఆ గంటలో ఎత్తుకున్నవాళ్లదే రాజ్యం, ఊరుకోబెట్టే పద్ధతి వాళ్లిష్టం. నేను లోపలి నుంచి "అట్ల కాదు" అని అరవకూడదు. ఈ ఒక్క నియమం పాటించడం నాకు నిద్ర లేకపోవడంకన్నా కష్టమైంది. ఆయన రోజూ ఏడున్నరకు ఫోన్ చేసేవాడు, నాకు కాదు, వాళ్లమ్మకు. "అమ్మా, పోరడు ఎట్లున్నడు, కోడలు పండుకుందా?" అని. ఆ ఒక్క ప్రశ్నతో నేను పడుకోవడం తప్పు కాదని ఇంట్లో తేలిపోయింది. దూరాన ఉన్న తండ్రులు చేయగల పెద్ద సాయం ఇదే అనుకుంటాను.

ఊరడించే పద్ధతుల గురించి ఎక్కువ రాయను, మన అవ్వలకు తెలియనివి కావు. ఛాతీకి ఆనించి నిలువుగా ఎత్తుకోవడం, చీకటి గదిలో ఒకే తీరుగా జోకొట్టడం, చెవి దగ్గర "ష్‌ష్" అనడం, పాలయ్యాక తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవడం, పల్చటి బట్టలో తుంటి దగ్గర వదులుగా చుట్టడం. ఒక్కోటి ఐదు నిమిషాలైనా చేసి చూడండి, నిమిషానికొకటి మారుస్తూ పోతే బిడ్డ ఇంకా బెదురుతాడు. నిద్రపోయాక వెల్లకిలా పడుకోబెట్టండి, దిండ్లు, బొంతలు పక్కన పెట్టకండి.

చేయకూడనివి, మొహమాటం లేకుండా

దిష్టి తీస్తారా, తీయనివ్వండి. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తే బిడ్డకు వచ్చిన నష్టమేమీ లేదు, పొగ మాత్రం పసివాడి ముక్కుకు దూరంగా ఉంచండి. అన్నిటికీ అడ్డం తగిలితే అసలైన చోట మన మాట చెల్లదు. అసలైన చోట్లు ఇవి.

పొట్ట మీద కాల్చి వాతలు పెట్టడం. దీన్ని ఎవరు ఎంత ప్రేమతో చేసినా బిడ్డను కాల్చడమే. పుండు పడుతుంది, చీము పడుతుంది, అసలు జబ్బు ఉంటే ఈలోపు ముదిరిపోతుంది.

కల్లు చుక్క, బ్రాందీ చుక్క నాకించడం. కల్తీ కల్లులో మత్తుమందులు కలుస్తాయన్న సంగతి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో తెలియనివాళ్లెవరు? "పాలు పడతాయి" అని బాలింతకు కల్లు పోయడం కూడా అంతే, అది పాలలోకి దిగుతుంది.

ఏడాది లోపు తేనె నాకించకూడదు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ముక్కులో, చెవిలో నూనె పోయకూడదు. వస కొమ్ము అరగదీసి నాకించడం, గ్రైప్ వాటర్ పట్టడం మన దగ్గర మామూలే అయినా ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప వేరేవి వద్దు.

చుక్కల మందు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎదురింటి వదిన మాట పట్టుకుని నేనూ ఒక మెడికల్ షాపుకు పోయాను. కడుపునొప్పి చుక్కలంటే అడక్కుండానే ఇచ్చేశాడు. ఇంటికొచ్చి మా ఆడబిడ్డ సీసా మీద చిన్న అక్షరాలు చదివితే డైసైక్లోమిన్ అని ఉంది. ఆరు నెలల లోపు పిల్లలకు అది వేయకూడని మందు, ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. సీసా తీసుకెళ్లి తిరిగి ఇచ్చేస్తే "అందరూ వాడతరమ్మా" అన్నాడు. గ్యాస్‌కు ఇచ్చే సిమెథికోన్ చుక్కలు అంత ప్రమాదం కాదుగానీ, కోలిక్‌కు పనిచేస్తాయన్న రుజువూ లేదు. ఏ చుక్కయినా డాక్టరు చీటీ మీద రాస్తేనే వేయండి.

బాలింత తిండి కూడా తగ్గించకండి. కారం, వెల్లుల్లి, పాత బియ్యం అన్నం మీదే నెలల తరబడి ఉంచితే తల్లి నీరసపడుతుంది, బిడ్డ ఏడుపు ఆగదు. దొడ్డికి నెత్తురు, జిగురు పడితేనో, ఒంటిమీద దద్దుర్లుంటేనో పాల పదార్థాలు మానేసి చూడమని డాక్టరు చెప్పవచ్చు. అది ఆయన చెప్పాల్సిన మాట, పక్కింటివాళ్లు చెప్పాల్సింది కాదు.

ఆరోది: మీ చేతులు వణికిన రాత్రి

ఒక రాత్రి పదింటికి, అత్తమ్మ పెళ్లికి పోయింది, నేనూ వాడూ మాత్రమే. మూడు గంటలుగా ఏడుస్తున్నాడు. భుజాలు పట్టుకుని ముఖంలోకి చూస్తూ "ఆపురా!" అని అరిచాను. నా వేళ్లు వాడి చంకల కింద ఎంత గట్టిగా బిగిశాయో నాకే తెలిసింది. భయమేసింది. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, వాకిట్లోకి వచ్చి తొట్టిలో నీళ్లు ముఖాన కొట్టుకున్నాను.

తర్వాత తెలిసింది, చేయాల్సింది కూడా అదేనని. చంటిబిడ్డను కోపంలో ఒక్కసారి గట్టిగా ఊపినా మెదడులో రక్తస్రావం కావచ్చు, చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఏడవడం వల్ల మాత్రం ప్రాణం పోదు. పాలు తాగి, జ్వరం లేని బిడ్డను చదునైన చోట పడుకోబెట్టి ఐదు, పది నిమిషాలు పక్కకు పోవడం బిడ్డను వదిలేయడం కాదు. ఆ పది నిమిషాల్లో ఎవరికో ఒకరికి ఫోన్ చేయండి. ఎవరికి చేయాలో ఇప్పుడే, పగటిపూటే, రెండు నంబర్లు అనుకుని పెట్టుకోండి.

ఎవరూ లేకపోతే 14416 ఉంది. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పిచ్చి ఉన్నవాళ్ల కోసమేమో అనుకుని నేను చాలా రోజులు ఆ నంబర్ నొక్కలేదు. అలా కాదు. "బిడ్డ ఏడుస్తుంటే నాకు వాణ్ణి చూడబుద్ధి కావట్లేదు" అని చెప్పడానికి కూడా ఆ నంబరే.

కాన్పయిన మొదటి రెండు వారాలు ఊరికే కన్నీళ్లు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా బిడ్డ పడుకున్నప్పుడు కూడా నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, బిడ్డ మీద ఏ భావమూ లేకపోవడం, చచ్చిపోతే బాగుండుననిపించడం ఉంటే అది ప్రసవానంతర డిప్రెషన్ కావచ్చు. మందుంది, తగ్గుతుంది. పీహెచ్‌సీలో చెప్పండి, జిల్లా ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి పంపిస్తారు. లేని మాటలు వినపడటం, బిడ్డను ఏదో చేయమని ఎవరో చెబుతున్నట్టుండటం ఉంటే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, తల్లిని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో ఏడుపు గొడవ కాస్తా కొట్టడం దాకా పోతే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఏడోది: అంగన్‌వాడీ అన్నం దగ్గర ఒక అరగంట

2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట అన్నం, గుడ్డు, పాలు ఇస్తున్నారు. దీని గురించి అందరూ బలమైన తిండి అనే మాట్లాడతారు. నాకు కనిపించింది వేరు. ఆరు నెలల లోపు బిడ్డలున్న తల్లులు మధ్యాహ్నం ఒకే గదిలో కూర్చునే చోటు ఊరు మొత్తంలో అదొక్కటే. తిని, గిన్నె కడిగి, ఎవరి దారిన వాళ్లు పోతారు. ఇంకో అరగంట కూర్చుంటే అదే సహాయ బృందం.

మా దగ్గర నలుగురితో మొదలైంది. టీచరమ్మను ముందు అడిగాం, పిల్లలు పడుకునే వేళ చాప వేసుకొమ్మంది. చేసింది పెద్దగా ఏమీ లేదు. ఒకరి బిడ్డను ఇంకొకరు ఎత్తుకోవడం, రాత్రి ఎలా గడిచిందో చెప్పుకోవడం. వేరే వాళ్ల బిడ్డ ఏడిస్తే చిరాకు రాదు, ఎందుకో మరి. మొదటి వారంలోనే గొడవలొచ్చాయి కాబట్టి మూడు నియమాలు పెట్టుకున్నాం. మందుల పేర్లు చెప్పుకోవద్దు. "మావాడు నాలుగు కిలోలు, మీవాడు?" అని పోల్చొద్దు. ఇక్కడి మాట అత్తల దాకా పోవద్దు. మూడోది ఒకసారి తప్పింది. రెండు రోజులు ఇద్దరు రాలేదు, మళ్లీ వచ్చారు.

ఏడాది నిండిన బిడ్డ తల్లి ఒకామె ఉంటే చాలా మేలు. మాకు తండా నుంచి వచ్చే ఒకామె దొరికింది. ఆమె రెండోవాడు ఇలాగే ఏడ్చేవాడట. అప్పుడు వాడు గుమ్మం పట్టుకుని నిలబడి గుడ్డు తింటున్నాడు. ఏ డాక్టరు మాటకన్నా ఆ గుడ్డు తినే పిల్లవాడు మాకు ధైర్యమిచ్చాడు.

అత్తల దాకా పోవాలంటే పొదుపు సంఘమే దారి. నెలనెలా మీటింగుకు వచ్చేవాళ్లలో సగం మంది అత్తలే. అప్పు లెక్కలయ్యాక పది నిమిషాలు అడిగి ఏఎన్ఎంతో మాట్లాడించండి: ఆరో వారం ఏడుపు, వాతలు పెట్టకూడదన్న మాట, బిడ్డను ఊపకూడదన్న మాట. మూడే విషయాలు, పదే నిమిషాలు. ఎక్కువైతే లేచి వెళ్లిపోతారు.

వాట్సాప్ గ్రూప్ కూడా పెట్టుకున్నాం. శుభోదయాలు, దేవుడి ఫొటోలు నింపేసరికి అవసరమైన మాట కనపడకుండా పోయింది. చివరికి రాత్రి ఏడు తర్వాత "మేలుకున్నా" అని ఒక్క మాట పెట్టడానికే వాడాం. అవతల ఇంకొకరు "నేను కూడా" అని పెడితే చాలు.

పత్తి ఏరడానికో, బట్టీ పనికో బిడ్డతో పోవాల్సిన తల్లులకు ఇవన్నీ కుదరవు. వాళ్లకు పనికొచ్చేది ఒక్కటే, గుత్తేదారుతో ముందే మాట్లాడుకోవడం: సాయంత్రం నాలుగింటికల్లా వదలాలి, చెట్టునీడన పిల్లల్ని చూడటానికి కూలీల్లోంచి ఒక పెద్దామెను పెట్టాలి. గుంపుగా అడిగితే వింటాడు.

నా కాపీలో చివరి పేజీ పదిహేనో వారానిది. అందులో ఒక్క లైనే ఉంది: "7:20. ఏడవలే. నేనే లేచి పోయి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసిన."